రంగులో కలిపే దోమల మందు ఎవరైనా వాడారా?

వంశధార గట్టు (నరసన్నపేట)
ఆదివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. దసరాకి మా అమ్మ ఉంటున్న ఇంటికి రంగులు వేయిద్దామని మొదలెట్టాను. ముందు గదులు స్లాబు, వాటికి పుట్టీ పెట్టి ఎమల్షన్ వేస్తాం. వెనక రెండు గదులు పాత పెంకుటిల్లు. అక్కడ తాటి వాసాలు, సున్నం గోడలు, గుమ్మానికి చెద కూడా పట్టింది. ఇంటి వెనకాల వరి చేలు, పక్కనే కాలువ. సాయంత్రం ఆరయ్యేసరికి అమ్మ తలుపులేసుకుని కూర్చుంటుంది.

రంగులు కొనడానికి వెళ్తే షాపతను ఒక చిన్న సీసా చూపించాడు. 20 లీటర్ల బకెట్‌లో ఈ సీసా ఒంపేస్తే చాలట, దోమ, బొద్దింక, సాలీడు, చెద ఏదీ రెండేళ్ళపాటు గోడ దగ్గరికి రాదట. 850 రూపాయలు. సీసా మీద ఆకు బొమ్మ, కింద ‘హెర్బల్’ అన్న మాట, అంతకుమించి ఏం లేదు. లోపల ఏముందని అడిగితే "కంపెనీ ఫార్ములా సార్" అన్నాడు. మొహమాటానికి ఒకటి కొనేశాను కూడా. అమ్మకి ఆయాసం ఉంది, అందుకే కలపాలంటే చెయ్యాడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.


రంగుల మేస్త్రి
ఆదివారం రాత్రి 9.48

తమ్ముడూ, నాను 27 ఏళ్ళుగా బ్రష్షు పట్టుకుని బతుకుతన్నోడిని. ఆ సీసా నాకూ తెలుసు. మా వైపు ముగ్గురు కలిపించుకున్నారు. ఒకాయన బాగుందన్నాడు. ఒకాయన తేడా ఏటీ లేదన్నాడు. మూడో ఆయన ఇప్పుడు నా ఫోను ఎత్తడు.

బాగుందన్నాయన సంగతి చెప్తాను ఇను. రంగేసేటప్పుడు మనం ఏటి చేస్తాం? మంచాలు బయటేస్తాం, చిలక్కొయ్యకి వేలాడే బట్టలు తీసీస్తాం, అటక మీద మూటలు దింపీస్తాం, బూజు దులిపీస్తాం. దోమ పగలంతా దాక్కునేది ఆ బట్టల మాటునే కదా. పది రోజులు దోమ కనపడదు, సీసా గొప్ప అనుకుంటారు. మళ్ళీ బట్టలు ఎక్కించీసాక పాత కథే.


కెమిస్ట్రీ మాస్టారు (విజయనగరం)
ఆదివారం రాత్రి 10.35

మేస్త్రిగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే రంగులో మందు కలపడం అనేది మొత్తం బూటకమేమీ కాదు, దాని వెనక ఒక శాస్త్రం ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఇలాంటి వాటిలో సాధారణంగా ఉండేవి పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు. వీటిని పైరెథ్రాయిడ్లు అంటారు. ఒక రకం చామంతి పువ్వులో సహజంగా ఉండే పైరెత్రిన్‌ని చూసి మనుషులు తయారుచేసుకున్న రూపాలివి. పురుగు దాని మీద వాలితే కాళ్ళ ద్వారా ఎక్కి నరాల మీద పనిచేస్తుంది. ‘వాలితే’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. గాలిలో తిరిగే దోమని గోడ ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మలేరియా వాళ్ళు గోడలకి కొట్టే డెల్టామెత్రిన్ మోతాదు చదరపు మీటరుకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు. పదడుగులు బై పన్నెండడుగుల గది, ఎత్తు పదడుగులు అనుకుంటే నాలుగు గోడలూ కలిపి సుమారు 41 చదరపు మీటర్లు. అంటే గది మొత్తానికి కావలసిన మందు ఒక్క గ్రాము. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ గ్రాము గోడ పైపైన ఉంటుంది. అదే మందు రంగులో కలిపారనుకోండి, రంగు ఆరి పొర కట్టినప్పుడు ఎక్కువ భాగం లోపల కూరుకుపోతుంది. గారె పిండిలో మిరియాలు గుప్పెడు వేసినా గారె పైకి ఎన్ని కనిపిస్తాయి? కనిపించిన ఆ నాలుగే దోమ కాలికి తగిలేవి. నిగనిగలాడే ఎనామిల్‌లో పొర గట్టిగా మూసుకుపోతుంది. డిస్టెంపర్ లాంటి గరుకు పొరలో కొంచెం నయం.

ఈ చిక్కు కోసమే మందుని కంటికి కనపడని చిన్న చిన్న గుళికల్లో పెట్టి నెమ్మదిగా బయటికి వచ్చేలా చేసే పద్ధతి వచ్చింది. స్పెయిన్‌లో వాలెన్సియాకి చెందిన పిలార్ మతేయో అనే శాస్త్రవేత్త ఇలాంటి రంగు తయారుచేసి, బొలీవియాలో చాకో ప్రాంతపు మట్టి ఇళ్ళకి వేయించారు. అక్కడ చాగస్ అనే జబ్బు తెచ్చే నల్లి లాంటి పురుగు గోడ పగుళ్ళలోనే కాపురం పెడుతుంది. గోడే దాని ఇల్లు కాబట్టి రంగు దానికి తగిలింది. మన దోమకి గోడ బస్టాండులో బల్ల లాంటిది. కాసేపు కూర్చుంటుంది, లేచి పోతుంది.

ఇక మీ వెనక గదుల సంగతి. సున్నం గోడ అన్నారు. సున్నంలో మాత్రం ఈ మందు పొరపాటున కూడా కలపకండి, డబ్బులు నీళ్ళలో పోసినట్టే. ఈ పైరెథ్రాయిడ్లన్నీ రసాయనికంగా ఎస్టర్లు. నూనెలో కాస్టిక్ సోడా పోస్తే నూనె విరిగి సబ్బు అవుతుంది చూడండి, అదే పద్ధతిలో క్షారం తగిలితే ఇవి రెండు ముక్కలైపోతాయి. సున్నపు తేట క్షారగుణం పీహెచ్ 12 దాటి ఉంటుంది. మందు నాలుగు రోజులు కూడా నిలవదు. తెల్ల సిమెంటు పుట్టీ, కొత్త ప్లాస్టరింగూ ఆ జాతివే. పైన ప్రైమర్ సరిగ్గా పట్టకపోతే అక్కడా ఇదే గతి.


హార్డ్‌వేర్ కొట్టు (గంటస్తంభం దగ్గర)
సోమవారం ఉదయం 7.20

మాస్టారికి నమస్కారం. కొట్టువాళ్ళని దొంగల్లా చూడకండి. జనం వచ్చి "దోమలు రాని రంగుందా" అని అడుగుతారు. లేదంటే పక్క కొట్టుకి పోతారు. నేనూ అలాంటివి రెండు రకాలు అమ్ముతాను. ఒకటి నిమ్మగడ్డి నూనెది, ఇంకోటి మందుది. నిమ్మగడ్డి నూనెది వాసన బాగుంటుంది, అంతవరకే. వారం తిరక్కుండానే వాసనా ఎగిరిపోతుంది. అడిగినవాళ్ళకి ఆ మాటే చెప్తాను, అయినా కొంటారు.

వంశధార గట్టు గారూ, సీసా వెనక చిన్న అక్షరాలుంటాయి, టార్చి పెట్టి చదవండి. మందు పేరు, శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, రంగు గుర్తు ఉన్నాయో లేవో చూడండి.


కెమిస్ట్రీ మాస్టారు
సోమవారం ఉదయం 8.02

మంచి మాట. 1968 ఇన్సెక్టిసైడ్స్ చట్టం జాబితాలో ఉన్న మందు ఏది కలిసినా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది. కింది సగం ఎరుపైతే అతి విషం, పసుపైతే ఎక్కువ, నీలమైతే మధ్యస్థం, ఆకుపచ్చైతే తక్కువ. మందు ఉందంటే గుర్తు ఉండాలి. గుర్తు లేదంటే లోపల మందు లేకపోవాలి, లేదా దొంగ సరుకు అవ్వాలి. రెండింటికీ 850 దండగే.


వంశధార గట్టు
సోమవారం మధ్యాహ్నం 1.15

చూశాను. నంబరూ లేదు, గుర్తూ లేదు. ‘పిల్లలకు దూరంగా ఉంచండి’ అని మాత్రం ఉంది. హెర్బల్ అయితే దూరం ఎందుకో మరి.


స్ప్రే పంపు (సాలూరు)
సోమవారం రాత్రి 8.30

నేను మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఏజెన్సీ ఊళ్ళల్లో భుజాన పంపు వేసుకుని తిరిగిన మనిషిని. మొదట్లో డీడీటీ, తరవాత పైరెథ్రాయిడ్లు. మాస్టారు చెప్పిన లెక్క కరెక్టు. ఇంకో రెండు సంగతులు చెప్తాను.

గోడకి కొట్టడానికి మాకిచ్చేది నీళ్ళలో కలిసే పొడి. పొలం మందుల్లో ఉండే నూనె రకం ఇవ్వరు. మట్టి గోడ నూనె మందుని పీల్చేసుకుంటుంది, పొడి అయితే పైన నిలబడుతుంది. కొట్టాక రెండున్నర, మూడు నెలలు గోడ అలకవద్దని ఇంటింటికీ చెప్పేవాళ్ళం. సంక్రాంతి దగ్గరపడితే ఎవరు వింటారు? ఓ ఊళ్ళో సోమవారం కొట్టాం. గురువారం ఇంకో పనిమీద వెళ్తే ఆడవాళ్ళు ఎర్రమట్టితో గోడలన్నీ నున్నగా అలికేసి, ముగ్గులు కూడా పెట్టేశారు. ఆ ముగ్గులు చూసి తిట్టడానికి నోరు రాలేదు.

రెండోది ముఖ్యం. గోడ మీద మందు ఉంటే దోమ కుట్టదని కాదు. మలేరియా దోమ ముందు మనిషిని కుడుతుంది, కడుపు నిండాక బరువెక్కి దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుంది, అప్పుడు చస్తుంది. మలేరియా క్రిమి దోమ ఒంట్లో తయారవ్వడానికి పది రోజుల పైన పడుతుంది. ఆలోపు దోమ చచ్చిపోతే ఇంకొకరికి జబ్బు అంటదు. అంటే మీ ఇంటి గోడ మందు కాపాడేది పక్కింటివాళ్ళని. ఊరంతా కొడితేనే ఊరికి లాభం. మీ ఒక్క ఇంటికి రంగేయించుకుని కూర్చుంటే మీ అమ్మగారిని కుట్టేవి కుడుతూనే ఉంటాయి.

డెంగీ దోమ అయితే అసలు గోడ మీద పెద్దగా వాలదు. మంచం కింద, వేలాడే బట్టల్లో, చీకటి మూలల్లో ఉంటుంది. మేస్త్రిగారు కనిపెట్టింది అదే.


ఉద్దానం ఆడపడుచు (కవిటి)
సోమవారం రాత్రి 9.55

దోమల గొడవ మగాళ్ళు తేల్చుకోండి, నేను తాటి వాసాల గురించి చెప్తాను. మా వైపు చెదకి పాతకాలం మందు జీడి నూనె. జీడిపప్పు నూనె కాదు, పిక్క తొక్కలోంచి తీసే నల్ల నూనె. పడవలకి రాస్తారు, వాసాలకి రాస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి చెట్లు సగానికి పైగా పడిపోయాయి. ఆ మొద్దులు కోయించి పశువుల శాలకి వాసాలు వేశాం. నూనె సరిపోక నాలుగు వాసాలకి పట్టించలేదు. ఆ నాలుగూ రెండేళ్ళకి చెద తినేసి, వేలితో నొక్కితే పిండిలా రాలాయి. మిగతావి ఇప్పటికీ ఉన్నాయి.

అయితే అది ఒళ్ళు కాల్చేసే నూనె. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది, ఆముదమో బూడిదో రాసుకుని కొడతారు, అయినా వేళ్ళు నల్లగా పేలిపోయి ఉంటాయి. మా మరిది చేతులకి ఏమీ లేకుండా వాసాలకి రాసి, అదే చేత్తో మొహం తుడుచుకున్నాడు. వారం రోజులు కళ్ళు తెరవలేదు, పెళ్ళిచూపులు వాయిదా పడ్డాయి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. కొత్తగా రాసిన గదిలో పడుకోకండి. వాసన పోవడానికి చాలా రోజులు పడుతుంది.


కెమిస్ట్రీ మాస్టారు
సోమవారం రాత్రి 10.20

అమ్మా, అందులో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఒంటిని కాల్చేవి. అవే పురుగుకీ పడవు. రంగుల కంపెనీలూ, బ్రేకు లైనింగులు చేసేవాళ్ళూ ఆ నూనెనే శుద్ధి చేసి వాడతారు. హెర్బల్ అంటే ఒంటికి మంచిదని అనుకునేవాళ్ళకి మీ మరిదిగారి కళ్ళు చూపించాలి.


బొబ్బిలి కర్ర
మంగళవారం ఉదయం 6.40

కర్ర మాట వచ్చింది కాబట్టి. మా వైపు వీణకి పనస కర్ర వాడతారు. చేవ ఉన్న పనసని చెద అంత తేలిగ్గా ముట్టదు. తెల్లగా ఉండే పై భాగాన్ని మాత్రం వదలదు. మీ గుమ్మం ఏ కర్రో చెప్పండి. బోరాక్సూ, బోరిక్ యాసిడూ కలిపిన నీళ్ళు పచ్చి కర్రకి పట్టిస్తే పుచ్చు పురుగు రాదు. కానీ వాన తగిలే చోట పనికిరాదు, కడిగేసుకుని పోతుంది.


రంగుల మేస్త్రి
మంగళవారం ఉదయం 7.05

పాత రంగు మీద అది పట్టదండి. ఉప్పు కాగితంతో కర్ర తెల్లగా తేలేదాకా గీకీయాలి, అప్పుడు పట్టించాలి. రెండ్రోజులు ఆరాక ప్రైమర్.


వంశధార గట్టు
మంగళవారం మధ్యాహ్నం 2.30

గుమ్మం మద్ది కర్ర. కింద జానెడు ఎత్తు వరకు మట్టి గొట్టంలా చెద ఎక్కింది. గీకేస్తే మూడో రోజుకి మళ్ళీ కట్టేసింది. దీని మీద మందు కలిపిన ఎనామిల్ వేస్తే ఆగుతుందా?


సైట్ ఇంజనీర్ (చీపురుపల్లి)
మంగళవారం సాయంత్రం 6.10

ఆగదు. మీకు కనపడుతున్న గొట్టం దాని రోడ్డు మాత్రమే, ఊరు భూమిలో ఉంది. రంగు గుమ్మం పైన ఉంటుంది, చెద అడుగు నుంచి కర్ర లోపలికి వెళ్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల డొల్ల. నేను తన్ని చూసిన గుమ్మాలున్నాయి, రంగు పొర ఒక్కటే నిలబడి ఉంది.

కట్టేసిన ఇంటికి పద్ధతి ఐఎస్ 6313 (చెద నివారణకి భారతీయ ప్రమాణం) మూడో భాగంలో ఉంది. గోడ నేలని కలిసే చోట అడుగుకి ఒకటి చొప్పున 12 మిల్లీమీటర్ల బెజ్జాలు వేసి, ఒక్కో బెజ్జంలో లీటరు మందు నీళ్ళు పోయాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (నీళ్ళలో కలిపే నూనె రకం) అయితే లీటరుకి 19 లీటర్ల నీళ్ళు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతంది అయితే లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. దీనికి వాసన బాగా తక్కువ, మీ అమ్మగారి ఆయాసానికి ఇదే నయం. అయినా నాలుగు రోజులు వేరే ఇంట్లో ఉంచండి. నుయ్యి దగ్గరగా ఉంటే ఆ పక్క బెజ్జాలు వద్దు. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళచేతే చేయించండి. ఇదంతా రంగు వెయ్యకముందే జరగాలి. బెజ్జాలు సిమెంటుతో మూసి, ఆరాక అప్పుడు మేస్త్రిగారిని పిలవండి. అందరూ తిరగేసి చేస్తారు, కొత్త రంగు మీద డ్రిల్లు పెట్టి ఏడుస్తారు.


కొత్త మెంబరు (ఆమదాలవలస)
మంగళవారం రాత్రి 11.30

ఇన్నాళ్ళూ చదవడమే, ఎప్పుడూ రాయలేదు. ఇది చూసి రాయకుండా ఉండలేకపోయాను.

పోయిన వేసవిలో మా ఇంటికి రంగులు వేసినతను సీసా ఎందుకండీ డబ్బు దండగ అని, పురుగుల మందు కొట్టులో పొలానికి కొట్టే మందు తెచ్చి బకెట్‌లో పోసేశాడు. ఎంత పోశాడో కొలతే లేదు, మూత తిప్పి ఒంపేశాడు. రంగు పెరుగు విరిగినట్టు విరిగింది, అయినా కర్రతో తిప్పి వేసేశాడు. కిరసనాయిలు లాంటి వాసన. ఆ రాత్రి ఏసీ వేసి తలుపులు మూసి పిల్లలు పడుకున్నారు. తెల్లారి చిన్నదానికి వాంతులు, నోట్లోంచి చొంగ, చెమటలు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు కళ్ళలో లైటు వేసి చూసి, కంటిపాపలు సూదిమొనలా అయిపోయాయి, ఇంట్లో ఏ మందు వాడారని అడిగారు. డబ్బా తీసుకెళ్ళడం మంచిదైంది. అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇచ్చి మూడు రోజులు ఉంచారు. ఇప్పుడు బాగానే ఉంది. ఆ గది రంగు మొత్తం గీకించి మళ్ళీ వేయించాం.


స్ప్రే పంపు
బుధవారం ఉదయం 5.50

అమ్మా, పాప బాగుంది, అది చాలు. మిగతావాళ్ళు గుర్తుపెట్టుకోండి. అలా అయితే ముందు మనిషిని బయట గాలిలోకి తేవాలి, బట్టలు తీసేసి ఒళ్ళంతా సబ్బుతో కడగాలి, 108కి ఫోన్ చెయ్యాలి, మందు డబ్బా వెంట తీసుకెళ్ళాలి. పొలం మందు పొలానికే. రంగు ఎందుకు విరిగిందంటే ఈసీ రకంలో సాల్వెంట్ నూనె ఉంటుంది.

ఇంకో మాట. పైరెథ్రాయిడ్ చేపలకి పరమ విషం. మేము దోమ పిల్లల్ని తినడానికి నూతుల్లో, తొట్లలో గంబూసియా చేపలు వదిలేవాళ్ళం. ఓ ఇంట్లో దోమలు రాని రంగు వేయించి, రంగు కుర్రాడు బ్రష్షులు ఆ తొట్లోనే జాడించాడు. పొద్దున చూస్తే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. రెండు వారాలకి ఆ తొట్టినిండా దోమ పిల్లలు. గోడేమో దోమలు రాని రంగుతో మెరుస్తోంది.


రంగుల మేస్త్రి
బుధవారం ఉదయం 7.15

ఆ రంగు కుర్రాడు నాను కాదు బాబూ.


హార్డ్‌వేర్ కొట్టు
బుధవారం ఉదయం 9.00

పిల్లి ఉన్న ఇంట్లోనూ జాగ్రత్తండి. పర్మెత్రిన్ పిల్లికి పడదు, గోడకి ఒళ్ళు రాసుకుని ఒంటిని నాకేస్తుంది. సరే, వంశధార గట్టు గారికి నా సలహా: 850 పెట్టి కిటికీలకి దోమతెర మెష్ కొనుక్కోండి. మెష్ మీద నాకు లాభం తక్కువే, అయినా చెప్తున్నాను.


వంశధార గట్టు
పదిహేను రోజుల తరవాత, ఆదివారం రాత్రి 8.45

పని అయిపోయింది. అమ్మని అక్క దగ్గర ఐదు రోజులు ఉంచాం. గుమ్మం చుట్టూ, వెనక గోడ పొడుగునా 34 బెజ్జాలు వేసి ఇమిడాక్లోప్రిడ్ పోశారు. నూతి పక్క వదిలేశాం. గుమ్మం గీకితే కింద మూడంగుళాలు చేతిలోకే వచ్చేసింది, అంత మేరా కోసి కొత్త ముక్క అతికించారు. ముందు గదులకి మామూలు ఎమల్షన్, ఏమీ కలపలేదు. వెనక గదులకి సున్నమే, కాస్త నీలి మందు వేసి. వాసాలకి కవిటి నుంచి జీడి నూనె తెప్పించాను, గ్లవ్స్ వేసుకునే రాశాం అక్కా. ఏడు కిటికీలకీ మెష్ పెట్టించాను. చిలక్కొయ్యలన్నీ తీసేసి తలుపున్న బీరువాలో బట్టలు పెట్టాం. దీనికి మాత్రం అమ్మకి కోపం వచ్చింది, తువ్వాలు ఎక్కడ ఆరేసుకోవాలి అని.

దోమలు పూర్తిగా పోలేదు. ఆరింటికి తలుపు వేసుకోవడం మాత్రం మానేసింది.


రంగుల మేస్త్రి
ఆదివారం రాత్రి 9.02

బాగుంది తమ్ముడూ. ఇంతకీ ఆ సీసా ఏటి చేసావు?


వంశధార గట్టు
ఆదివారం రాత్రి 9.06

తిరిగిచ్చేశాను. డబ్బులు ఇవ్వనన్నాడు. రెండు బ్రష్షులూ ఒక రోలరూ ఇచ్చాడు.


రంగుల మేస్త్రి
ఆదివారం రాత్రి 9.07

రోలరు ఏ సైజు?